కోఠి షాపు నుంచి కంపైలర్ దాకా: తొలి ప్రోగ్రామింగ్ పుస్తకం ఎంపిక డైరీ

పని ఏమిటంటే

ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లకుండా, ఇంట్లోనే రోజుకో గంట కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునేవాళ్ల చేతిలో పెట్టడానికి ఒక పుస్తకం ఎంచాలి. పక్కన అడగడానికి సార్ ఉండరు, మేడమ్ ఉండరు. కాబట్టి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు టైపు చేస్తే ప్రోగ్రాం నడవాలి. నడవకపోతే ఎందుకు నడవలేదో పుస్తకమే చెప్పాలి. క్లాసులో అయితే పుస్తకం పాతదైనా చెప్పేవాళ్లు నోటితో సరిదిద్దేస్తారు. ఒంటరిగా చదివేవాళ్లకు ఆ అవకాశం లేదు. మొదటి అధ్యాయంలోనే ఎర్రర్ వస్తే తప్పు తమదే అనుకుంటారు, ‘ఇది మన వల్ల అయ్యేది కాదులే’ అని పుస్తకం మూసేస్తారు. నిజానికి తప్పు వాళ్లది కాదు, పదిహేనేళ్ల కిందటి భాషా రూపానిది. అలా ఎవరూ మూసేయకూడదనే ఈ కసరత్తు.

పరీక్షకు రెండు యంత్రాలు. ఒకటి ఎనిమిది జీబీ మెమరీ ఉన్న విండోస్ 11 లాప్‌టాప్, అందులో పైథాన్ భాష 3.13 వెర్షన్. రెండోది ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన పాత డెస్క్‌టాప్, దానిలో పైథాన్ 3.12 ముందే ఉంటుంది, జీసీసీ 13 (సీ కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్) ఉబుంటు ప్యాకేజీల్లో దొరుకుతుంది. వీటికి తోడు జీసీసీ 14ను విడిగా ఎక్కించాం. ఎందుకు అవసరమైందో కింద తెలుస్తుంది. పైథాన్ 3.14 కూడా 2025 అక్టోబరులో వచ్చింది. అయినా కొత్త వెర్షన్ వచ్చిన కొన్ని నెలల వరకు బయటి లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) దానికి పూర్తిగా సర్దుకోవు. మొదటిసారి నేర్చుకునేవాళ్లు ఒక మెట్టు వెనక ఉంటే ఏమీ పోదు.

మొదటి వారం, శనివారం: కోఠి

మెట్రోలో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగితే కోఠి పుస్తకాల షాపులు నడక దూరమే. ఇక్కడ కొత్తవి, పాతవి, సిలబస్ గైడ్లు అన్నీ ఒకే గుట్టలో ఉంటాయి. ‘లేటెస్ట్ ఎడిషన్ ఉందా అన్నా?’ అని అడిగితే లోపల్నించి ఏదో ఒకటి తీసి ఇస్తారు. అది నిజంగా లేటెస్టో కాదో అట్ట చెప్పదు. అట్ట తిప్పాక రెండు మూడు పేజీల లోపల ఉండే కాపీరైట్ పేజీ చెబుతుంది.

అక్కడ చూడాల్సింది ఎడిషన్ సంవత్సరాన్ని, రీప్రింట్ సంవత్సరాన్ని కాదు. భారతీయ ముద్రణల్లో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పుస్తకం అసలు ఎడిషన్ 2009ది అయ్యుంటుంది, దాని కిందే ‘రీప్రింట్ 2022’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. రీప్రింట్ అంటే అవే పేజీలు మళ్లీ అచ్చేయడం. లోపల ఒక్క వాక్యం కూడా మారకపోవచ్చు. ఎడిషన్ మారితేనే రచయిత మళ్లీ కలం పట్టారని అర్థం. కొన్ని పుస్తకాల్లో ఒకటి నుంచి పది వరకు అంకెల వరుస ఒకటి ఉంటుంది. అందులో మిగిలి ఉన్న అతి చిన్న అంకె అది ఎన్నో ముద్రణో చెబుతుంది. అదీ ముద్రణ లెక్కే. విషయం ఎంత కొత్తదో దాన్ని బట్టి తెలియదు.

తర్వాత ముందుమాట తిప్పాలి. మంచి ఎడిషన్‌లో ‘ఈ కూర్పులో కొత్తగా ఏముంది’ అనే భాగం ఉంటుంది. ఏ వెర్షన్ మీద ప్రోగ్రాములు పరీక్షించారో అంకెతో సహా రాస్తారు. ‘పైథాన్ 3’ అని మాత్రమే ఉంటే చాలదు, ఎందుకంటే 3.0 వచ్చింది 2008 డిసెంబరులో. ‘3.11 మీద పరీక్షించాం’ అని ఉంటే దాన్ని నమ్మొచ్చు.

ఇవాళ చేతికొచ్చినవి మూడు. ఒకటి టర్బో సీ (డాస్ రోజుల నాటి సీ కంపైలర్) కాలపు సీ పుస్తకం, సెకండ్ హ్యాండ్. రెండోది ‘కొత్త సిలబస్ ప్రకారం’ అని అట్ట మీద వేసిన స్థానిక పైథాన్ గైడు. మూడోది విదేశీ పైథాన్ పుస్తకపు భారతీయ ముద్రణ, కొత్త ఎడిషన్.

ఒక హెచ్చరిక. ఫొటోకాపీ చేసి అట్ట వేసిన దొంగ ముద్రణలు చవగ్గా దొరుకుతాయి. పైథాన్‌కు మాత్రం వాటి జోలికి పోకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, పైథాన్‌లో లైను ముందు వదిలే ఖాళీయే వ్యాకరణం. బూడిద రంగులో అలుక్కుపోయిన అచ్చులో నాలుగు ఖాళీలో ఎనిమిది ఖాళీలో తెలియదు. లూపు (మళ్లీ మళ్లీ తిరిగే భాగం) లోపల ఉండాల్సిన లైను బయటకొస్తే ఎర్రర్ కూడా రాదు, జవాబు మాత్రం మారిపోతుంది.

ఆదివారం: ఆబిడ్స్

ఆదివారాలు మూసిన షాపుల షట్టర్ల ముందు, ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల సంత ఇది. ఇక్కడ లాప్‌టాప్ తెరిచి కూర్చోలేం. నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చుకోవాలి. దానికి పుస్తకం వెనకుండే ఇండెక్సే ఆయుధం. ఇండెక్స్ లేని ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని అక్కడే కింద పెట్టేయొచ్చు, ఒంటరిగా చదివేవాళ్లకు అది పనికిరాదు.

పైథాన్ అయితే మొదటి ప్రోగ్రాంలో ప్రింట్ తర్వాత బ్రాకెట్ ఉందా చూడాలి. లేకపోతే అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తో మద్దతు ముగిసింది. ‘రా ఇన్‌పుట్’, ‘ఎక్స్‌రేంజ్’, ‘యూఆర్ఎల్‌లిబ్2’ ఇండెక్స్‌లో కనబడినా అంతే. ఎఫ్-స్ట్రింగులు (వాక్యం మధ్యలోనే వేరియబుల్ విలువను పెట్టే పద్ధతి) ఉన్నాయా చూడాలి. అవి 3.6తో 2016 డిసెంబరులో వచ్చాయి. అవి లేకుండా శాతం గుర్తులతోనే వాక్యాలు అల్లుతున్న పుస్తకం నడుస్తుంది కానీ, బయట ఎవరి కోడ్ చదవబోయినా అర్థం కాదు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఏర్పాటు) గురించి ఒక్క పేజీ అయినా ఉండాలి. సీజీఐ అనే పాత పద్ధతితో వెబ్ ప్రోగ్రాములు రాయించే అధ్యాయం ఉంటే ఆ మాడ్యూలే 3.13 నుంచి తీసేశారని గుర్తుపెట్టుకోవాలి.

సీ పుస్తకంలో ‘కొనియో’ హెడర్, ‘సీఎల్ఆర్ స్క్రీన్’, ‘వాయిడ్ మెయిన్’, ‘గెట్స్’ ఈ నాలుగూ కనిపిస్తే అది డాస్ కాలపు పుస్తకం. ఇంకో గుర్తు డేటా టైపుల పట్టిక. పూర్ణసంఖ్యల టైపు అయిన ఇంట్‌కు 2 బైట్లు, పరిధి 32767 వరకు అని ఉంటే ఆ లెక్కలన్నీ 16 బిట్ల యంత్రానివి. సీ++ పుస్తకంలో ఐఓస్ట్రీమ్ చివర చుక్క హెచ్ ఉంటే అది 1998 ప్రమాణానికి ముందు పద్ధతి. జావాలో ఆప్లెట్‌కు (బ్రౌజర్‌లో నడిచే చిన్న ప్రోగ్రాం) ఓ పూర్తి అధ్యాయం ఉంటే వదిలేయాలి. జావాస్క్రిప్ట్‌లో లెట్, కాన్‌స్ట్ లేకుండా అంతా వార్‌తోనే ఉంటే అది 2015కు ముందుది.

ఇలా చూస్తూ పోగా ఒకటి తీసుకున్నాం. అది బాగా పాత పైథాన్ 2 పుస్తకం, కావాలనే. ఆ తప్పులు దగ్గర్నుంచి చూడాలి.

రెండో వారం: పది ప్రోగ్రాముల పరీక్ష

పద్ధతి ఇది. ప్రతి పుస్తకం నుంచి పది ప్రోగ్రాములు: మొదటి అధ్యాయంలోది ఒకటి, చివర్లోది ఒకటి, మిగతా ఎనిమిది భాగహారం, ఇన్‌పుట్, స్ట్రింగులు, ఫైళ్లు, ఫంక్షన్లు ఉన్న చోట్ల నుంచి. చేత్తో టైపు చేయాలి. పుస్తకం వెబ్‌సైట్‌లో దొరికే కోడ్ కాపీ చేస్తే అచ్చుతప్పులు బయటపడవు, ఎందుకంటే సైట్‌లో సరిదిద్ది ఉంటారు.

వచ్చే తప్పుల్ని మూడు రకాలుగా గుర్తిస్తున్నాం. యంత్రం ఎర్రర్ చూపిస్తే ‘అరిచే తప్పు’. ఎర్రర్ లేకుండా తప్పు జవాబు వస్తే ‘మూగ తప్పు’. అసలు మొదలే కాకపోతే, అంటే ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతే, ‘గుమ్మం తప్పు’.

పైథాన్ 2 పుస్తకంలో అరిచే తప్పులు బోలెడు. ప్రింట్‌కు బ్రాకెట్ లేదని యంత్రమే చెబుతుంది, ‘ఇలా రాయాలనుకున్నారా’ అని కూడా అడుగుతుంది. వీటితో భయం లేదు. ఒక్కసారి తెలిస్తే పదో ప్రోగ్రాం నాటికి చేతికి అలవాటైపోతుంది. చాలామంది పాత పుస్తకాన్ని వెనకేసుకొస్తూ ‘ప్రింట్‌కు బ్రాకెట్ పెట్టుకుంటే చాలు’ అనేది ఇందుకే. అది నిజం కాదు. అసలు ప్రమాదం మూగ తప్పుల్లో ఉంది.

ఒకటి పూర్తిగా విప్పి చూద్దాం. ఒక సంఖ్యలోని అంకెల మొత్తం కనుక్కునే ప్రోగ్రాం, దాదాపు ప్రతి పుస్తకంలో ఉండేదే. 123 ఇస్తే 6 రావాలి. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టినా నడుస్తుంది కాబట్టి ఇక్కడ అలాగే రాస్తున్నాం.) లూపు లోపల రెండే లైన్లు (% అంటే భాగిస్తే మిగిలే శేషం):

మొత్తం = మొత్తం + సంఖ్య % 10
సంఖ్య = సంఖ్య / 10

సంఖ్య సున్నా కంటే పెద్దదిగా ఉన్నంతసేపు ఇది తిరగాలి. పైథాన్ 2లో రెండు పూర్ణసంఖ్యల భాగహారం పూర్ణసంఖ్యనే ఇచ్చేది. 123, తర్వాత 12, తర్వాత 1, తర్వాత 0. మూడు చుట్లు, జవాబు 6. పైథాన్ 3లో అదే గీతకు అర్థం మారింది. 123 తర్వాత 12.3, తర్వాత 1.23, తర్వాత 0.123. ఎప్పటికీ సున్నా కాదు, చిన్నదవుతూనే ఉంటుంది. మూడు చుట్లు తిరగాల్సిన లూపు మూడొందల చుట్లకు పైగా తిరిగి, సంఖ్య యంత్రం పట్టుకోలేనంత చిన్నదయ్యాక ఆగుతుంది. అప్పటికి మొత్తంలో 3, 2.3, 1.23, 0.123 ఇలా అన్నీ కూడి 6.67కు దగ్గరగా ఒక పొడుగాటి దశాంశం కనిపిస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నేర్చుకునేవాళ్లు పుస్తకంలో 6 చూస్తారు, స్క్రీన్ మీద 6.67 చూస్తారు, కోడ్ పదిసార్లు పోల్చుకుంటారు, ఒక్క అక్షరం తేడా దొరకదు. ఉండదు కూడా. రెండో లైనులో ఒక గీత బదులు రెండు గీతలు (//) పెడితే సరిపోతుంది, కానీ ఆ సంగతి పాత పుస్తకానికి తెలియదు.

ఇన్‌పుట్ దగ్గరా ఇదే కథ. పైథాన్ 2లో ఇన్‌పుట్ అంటే 5 టైపు చేస్తే సంఖ్య 5 వచ్చేది. పైథాన్ 3లో వచ్చేది అక్షరం ‘5’. దాన్ని రెండుతో గుణించే ప్రోగ్రాంలో 10 బదులు 55 వచ్చింది. ఒకటి కలిపే ప్రోగ్రాం మాత్రం అరిచి ఆగింది. ఒకే కారణం, ఒకచోట అరుపు, ఇంకోచోట మౌనం. ఇంట్ తొడుగు వేసి, అంటే పూర్ణసంఖ్యగా మార్చి, ఇన్‌పుట్ తీసుకోవడం మొదటి రెండు అధ్యాయాల్లోనే చెప్పారా లేదా అనేది ఇప్పుడు మా చెక్‌లిస్టులో పైన ఉంది.

బైనరీ సెర్చ్‌లో (సర్దిన లిస్టును సగం సగం చేస్తూ వెతికే పద్ధతి) మధ్య స్థానం కనుక్కునే లైను కూడా ఒంటి గీతతోనే ఉంది. అక్కడ లిస్టు స్థానం దశాంశం కాకూడదని యంత్రం అరిచింది. 0, 8ల మధ్య 4 వచ్చే చోటా అరిచింది, ఎందుకంటే వచ్చింది 4 కాదు, 4.0.

స్థానిక గైడులో విచిత్రం ఏమిటంటే, మొదటి సగం పైథాన్ 3, రెండో సగం పైథాన్ 2. ప్రింట్‌కు బ్రాకెట్లు పెట్టి పాత ప్రోగ్రాములనే మళ్లీ అచ్చేసినట్టుంది. పైన చెప్పిన అంకెల మొత్తం ప్రోగ్రాం అందులో కొత్త వేషంలో, పాత గీతతో ఉంది. పక్కన అచ్చేసిన అవుట్‌పుట్ 6. అంటే ఆ ప్రోగ్రాంను పైథాన్ 3లో ఎవరూ నడిపి చూడలేదు. ఇలా పైపూత పూసిన పుస్తకం పూర్తిగా పాత పుస్తకం కంటే హానికరం. పాతది తన వయసు దాచుకోదు.

రెండో వారం, చివర: సీ

టర్బో సీ పుస్తకాన్ని ఉబుంటులో నడిపితే ‘కొనియో’ హెడర్ లేదని మొదటి లైనులోనే ఆగింది. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూతో (విండోస్ కోసం చేసిన జీసీసీ) ఆ హెడర్ ఉంది, గెట్‌సీహెచ్ పనిచేసింది, ‘సీఎల్ఆర్ స్క్రీన్’ లేదు. ఆ లైన్లు తీసేస్తే చాలా ప్రోగ్రాములు నడిచాయి. డాస్‌బాక్స్ (పాత డాస్ యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వేసి టర్బో సీలోనే చేయొచ్చు అనే సలహా తరచూ వినిపిస్తుంది. ల్యాబ్ పరీక్ష రాయాలంటే తప్పదేమో గానీ, నేర్చుకోవడానికి వద్దు. ఎందుకో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం చూపిస్తుంది.

పుస్తకంలో 8 ఫ్యాక్టోరియల్ దగ్గర ఆపి, ‘జవాబు మైనస్‌లో వస్తుంది, కాబట్టి లాంగ్ వాడాలి’ అని రాశారు. 16 బిట్ల ఇంట్‌లో 40320 పట్టదు, అది మైనస్ 25216గా కనిపిస్తుంది. పాఠం సరైనదే. ఇవాళ్టి యంత్రంలో ఇంట్‌కు 4 బైట్లు, అందువల్ల 8 దగ్గర 40320 చక్కగా వస్తుంది. చదివేవాళ్లకు పాఠం అర్థం కాదు, ‘బాగానే వచ్చిందిగా’ అనుకుని ముందుకు పోతారు. అదే గుంత 13 దగ్గర ఎదురుచూస్తుంది. 12 ఫ్యాక్టోరియల్ 479001600 పడుతుంది. 13కు రావాల్సింది 6227020800, మాకు వచ్చింది 1932053504. మైనస్ గుర్తు కూడా లేదు, చూడ్డానికి నిజమైన జవాబులాగే ఉంది. పైగా పుస్తకం చెప్పిన ‘లాంగ్’ మందు ఉబుంటులో పనిచేస్తుంది, విండోస్‌లో పనిచేయదు. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లే. రెండు చోట్లా నడవాలంటే లాంగ్ లాంగ్ కావాలి.

ఇక వయసు ఒక్కటే కొలత కాదని తేల్చే ఉదాహరణ సీలోనే దొరుకుతుంది. కెర్నిగన్, రిచీ రాసిన ప్రసిద్ధ సీ పుస్తకం రెండో ఎడిషన్ 1988ది. ఆలోచన నేర్పడంలో దానికి ఇవాళ్టికీ తిరుగులేదు. అయినా అందులోని మొదటి ప్రోగ్రాంలో మెయిన్‌కు ముందు ఇంట్ ఉండదు. జీసీసీ 13 దాన్ని హెచ్చరికతో వదిలేసింది, 2024లో వచ్చిన జీసీసీ 14 ఎర్రర్‌గా ఆపేసింది. అదే అధ్యాయంలో ‘గెట్‌లైన్’ అనే ఫంక్షన్ సొంతంగా రాయిస్తారు. ఇప్పటి లినక్స్ లైబ్రరీలో ఆ పేరుతో వేరే ఫంక్షన్ ఉంది కాబట్టి రెండూ ఢీకొని ఎర్రర్ వస్తుంది. రెంటికీ ఒకటే మందు: కంపైల్ చేసేటప్పుడు ప్రమాణాన్ని సీ89గా చెప్పే ఆప్షన్ ఇవ్వడం. అది తెలిస్తే పుస్తకమంతా హాయిగా చదువుకోవచ్చు. ఈ పుస్తకాన్ని పక్కన పెట్టడం లేదు. రెండో పుస్తకంగా, లోపల ఒక చీటీ అంటించి ఇవ్వాలని నిర్ణయం.

మూడో వారం: గుమ్మం తప్పులు

కొత్త ఎడిషన్ భారతీయ ముద్రణను ఈ వారం పట్టుకున్నాం. పదిలో భాషకు సంబంధించిన ప్రోగ్రాములన్నీ నడిచాయి. ఆగింది గుమ్మం దగ్గర.

విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర కింది భాగంలో ‘పాత్’కు (కమాండ్ల కోసం యంత్రం వెతికే చోట్ల జాబితా) జత చేయమనే చిన్న గడి ఉంటుంది. అది టిక్ చేయకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. పుస్తకంలో ఈ గడి బొమ్మతో సహా ఉంది, మెచ్చుకోవాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ మొదలుపెట్టేటప్పుడు పవర్‌షెల్ స్క్రిప్టులకు అనుమతి లేదని ఆపింది. పుస్తకంలో దీని ప్రస్తావన లేదు. పవర్‌షెల్ బదులు మామూలు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి అక్కడ యాక్టివేట్ చేస్తే ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు.

ఉబుంటులో పిప్‌తో (లైబ్రరీలు ఎక్కించే పైథాన్ పరికరం) లైబ్రరీ ఎక్కించబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఆగింది. సిస్టమ్ తన పనులకు వాడుకునే పైథాన్‌ను మనం పాడుచేయకుండా పెట్టిన అడ్డు అది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ ఎర్రర్‌లోనే కనిపిస్తుంది, వాడొద్దు. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని అందులో ఎక్కించాలి.

చివరి మూడు అధ్యాయాలు డేటా విశ్లేషణ. వీటికి వేరే కొలత పెట్టుకోవాలి. భాష నెమ్మదిగా మారుతుంది, లైబ్రరీలు గబగబా మారతాయి. పాండాస్ లైబ్రరీలో డేటాఫ్రేమ్‌కు (డేటా పట్టిక) వరుస జతచేసే అపెండ్‌ను 2023లో వచ్చిన 2.0లో తీసేశారు. మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్-లెర్న్‌లో ఏళ్ల తరబడి ప్రతి పుస్తకం వాడిన బోస్టన్ ఇళ్ల డేటాను 1.2 నుంచి తొలగించారు. అమీర్‌పేట చుట్టుపక్కల డేటా సైన్స్ పేరుతో అమ్మే పుస్తకాలు చూసేటప్పుడు ఈ రెండు పేర్లు వెతికితే చాలు, పుస్తకం వయసు బయటపడుతుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు ఇచ్చే సలహా: భాషా అధ్యాయాల కోసం పుస్తకం కొనండి, లైబ్రరీ అధ్యాయాల కోసం కొనకండి. వాటికి ఆ లైబ్రరీ సొంత డాక్యుమెంటేషనే ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది.

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర జిరాక్స్ షాపుల్లో దొరికే స్పైరల్ మెటీరియల్ కూడా ఒక కట్ట చూశాం. క్లాసులో రాసుకున్న రన్నింగ్ నోట్స్ అది. క్లాసు విన్నవాళ్లకు ఇంటర్వ్యూ ముందు తిరగేసుకోవడానికి బాగుంటుంది. ఒంటరిగా నేర్చుకోవడానికి కాదు. ఒక అడుగుకూ తర్వాతి అడుగుకూ మధ్య వివరణ నోటితో చెప్పింది, కాగితం మీద లేదు.

నాలుగో వారం: తెలుగు పరీక్ష

ఇది మన అవసరం కోసం పెట్టుకున్న పరీక్ష. ‘తెలుగు’ అనే మాటను స్ట్రింగ్‌గా ఇచ్చి దాని పొడవు అడగాలి. మన కంటికి మూడక్షరాలు. పైథాన్ 3 చెప్పేది 6: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. సీలో స్ట్రింగ్ పొడవు అడిగితే 18, ఎందుకంటే యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్) ఒక్కో ముక్కకు మూడు బైట్లు. ఇక మాటను తిరగేయమంటే ‘ుగులెత’ అని కొమ్ము ముందుకు తోసుకొచ్చి వేలాడుతుంది. ఇవేవీ యంత్రం తప్పులు కావు. స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస కాదు, కోడ్ పాయింట్ల (యూనికోడ్‌లో ఒక్కో ముక్కకు ఇచ్చిన సంఖ్యల) వరుస అని పుస్తకం ఎక్కడైనా చెప్పిందా? చెప్పి ఉంటే మన పిల్లలు తమ పేరుతో ప్రోగ్రాం రాసినప్పుడు కంగారు పడరు. కొత్త ఎడిషన్‌లో దీనికి ఒకటిన్నర పేజీ ఉంది. మిగతా వాటిలో లేదు.

ఫైళ్ల అధ్యాయంలో ఇంకో ముల్లు. విండోస్‌లో ఎన్‌కోడింగ్ చెప్పకుండా ఫైల్ తెరిచి తెలుగు రాయబోతే ‘చార్‌మ్యాప్’ పేరుతో ఎర్రర్ వస్తుంది. ఫైల్ తెరిచేటప్పుడే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయడం మొదటి రోజు నుంచే అలవాటు చేయాలి. ఇంగ్లీషు అక్షరాలతోనే ఉదాహరణలు రాసే రచయితలకు ఈ ముల్లు గుచ్చుకోదు, అందుకే చాలా పుస్తకాల్లో ఉండదు.

తెలుగులో రాసిన ఒక ప్రోగ్రామింగ్ పుస్తకాన్ని కూడా పరీక్షించాం. వివరణ ఎంత హాయిగా ఉందంటే, లూపుల అధ్యాయం ఏ ఇంగ్లీషు పుస్తకం కంటే బాగుంది. దెబ్బ తగిలింది టైప్‌సెట్టింగ్‌లో. కోడ్‌లో నిటారుగా ఉండాల్సిన కోట్ గుర్తులు వంకర కోట్‌లుగా అచ్చయ్యాయి, రెండు అండర్‌స్కోర్లు కలిసిపోయి ఒక గీతయ్యాయి, మైనస్ బదులు పొడుగు డాష్ పడింది. చేత్తో టైపు చేస్తే కోట్‌లు వాటంతటవే సరిగ్గా పడతాయి. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే మాత్రం ‘ఇన్వాలిడ్ క్యారెక్టర్’ ఎర్రర్. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు ఇలాంటి పుస్తకం తోడుగా తప్పకుండా ఉండాలి, కోడ్ మాత్రం వేరే చోట నుంచి తీసుకోవాలి. ఎర్రర్ సందేశాలు ఎలాగూ ఇంగ్లీషులోనే వస్తాయి కాబట్టి, తరచూ కనిపించే ఎర్రర్ మాటలకు తెలుగు అర్థాలు రాసుకునే ఓ చిన్న నోట్‌బుక్ పక్కన పెట్టుకోవాలి.

ఈ సందేశాల విషయంలో వెర్షన్ తేడా చాలా ఉంది. ఇఫ్ చివర కోలన్ మర్చిపోతే పాత పైథాన్ ‘ఇన్వాలిడ్ సింటాక్స్’ అని ఊరుకునేది. 3.10 నుంచి ‘కోలన్ ఉండాలి’ అని సూటిగా చెబుతుంది. మూయని బ్రాకెట్‌కు పాతది కింది లైనును చూపించి తప్పుదారి పట్టించేది, ఇప్పుడు మూయనిది ఏ బ్రాకెట్టో చూపిస్తుంది. అందుకే పుస్తకం 3.6 కాలానిదైనా ఫరవాలేదు, యంత్రంలో మాత్రం కొత్త వెర్షన్ ఉండాలి.

ఐదో వారం: అభ్యాసాలు, రోజువారీ లెక్క

కోడ్ నడవడం సగమే. అభ్యాసాలు లేని పుస్తకంతో చదివినట్టుంటుంది, వచ్చినట్టుండదు. ఫంక్షన్ల అధ్యాయం చివరి అభ్యాసాలు తీసి చూశాం. మొదటివి పాఠంలోని ప్రోగ్రాంను కొద్దిగా మార్చేవిగా, చివరివి కొత్తగా ఆలోచించేవిగా ఉండాలి. మొదటి అభ్యాసమే ఇరవై నిమిషాల్లో తేలకపోతే మెట్టు మరీ ఎత్తు. జవాబులన్నీ పుస్తకంలోనే ఉంటే కన్ను అటే పోతుంది. బేసి సంఖ్యల అభ్యాసాలకే జవాబులు ఇచ్చే పద్ధతి మంచిది.

450 పేజీల పుస్తకాన్ని పన్నెండు వారాల్లో, వారానికి ఐదు రోజులు, అంటే 60 సార్లు కూర్చుని పూర్తి చేయాలంటే రోజుకు ఏడున్నర పేజీలు. గంటలో ఇరవై నిమిషాలు చదవడం, నలభై నిమిషాలు టైపు చేయడం. 900 పేజీల లావు పుస్తకం ఈ లెక్కలో ఆరు నెలలు. మొదటి పుస్తకంగా అది ఎంత గొప్పదైనా వద్దు.

అభ్యాసాల కొరత తీర్చడానికి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకం పనికొస్తుంది. 2019లో పైథాన్ 3తో వచ్చింది, పీడీఎఫ్ ఉచితం. సంశయం వచ్చినప్పుడు చూసుకోవడానికి పైథాన్ సంస్థ సొంత ట్యుటోరియల్ ఉంది, అదీ ఉచితం, ప్రతి వెర్షన్‌తో పాటు మారుతుంది. మొట్టమొదటిసారి నేర్చుకునేవాళ్లకు అది కాస్త వేగం ఎక్కువ. కొనే ముందు పుస్తకాన్ని కూర్చుని తిరగేయాలంటే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికో అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికో వెళ్లి, అక్కడ దొరికిన వాటితో ఇండెక్స్ పరీక్ష సాధన చేయొచ్చు. నాలుగు పుస్తకాల మీద చేస్తే ఆబిడ్స్‌లో ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ఆరో వారం: తేలినది

మొదటి పుస్తకంగా కొత్త ఎడిషన్ పైథాన్ పుస్తకం, మొదటి పన్నెండు అధ్యాయాల వరకే. డేటా అధ్యాయాలకు క్లిప్ పెట్టి మూసేశాం. తోడుగా తెలుగు పుస్తకం, అభ్యాసాలకు ఎన్‌సీఈఆర్‌టీ. పైథాన్ పూర్తయ్యాక సీ కావాలన్న వాళ్లకు 1988 పుస్తకం. స్థానిక గైడు, టర్బో సీ పుస్తకం అరలోంచి తీసేశాం. పైథాన్ 2 పుస్తకాన్ని ఉంచాం, భాగహారం గీత మారితే ఏమవుతుందో చూపించడానికి అంతకు మించిన పరికరం లేదు.

ప్రతి పుస్తకం అట్ట లోపల ఒక చీటీ అంటించాం. పైథాన్ పుస్తకంలోని చీటీ ఇది:

పరీక్షించినది: పైథాన్ 3.13 విండోస్, 3.12 ఉబుంటు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత్ గడి టిక్ చేయాలి. పవర్‌షెల్ ఆపితే కమాండ్ ప్రాంప్ట్ వాడాలి. ఉబుంటులో పిప్‌కు ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. ఫైల్ తెరిచిన ప్రతిచోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. డేటా అధ్యాయాలు చదవొద్దు, లైబ్రరీ సైట్ చూడాలి.

సీ పుస్తకంలోని చీటీ రెండు లైన్లే: కంపైల్ చేసేటప్పుడు సీ89 ప్రమాణం ఆప్షన్ ఇవ్వాలి, గెట్స్ ఎక్కడ కనిపించినా ఎఫ్‌గెట్స్ వాడాలి, ఎందుకంటే 2011 ప్రమాణంలో గెట్స్‌ను భాష నుంచే తీసేశారు.

పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. ఆ నెల చివరి వారంలో ఇవే పది ప్రోగ్రాములు మళ్లీ నడిపి చీటీ మీద తేదీ మార్చాలి. టైపు చేసిన ఫైళ్లన్నీ పుస్తకం పేరుతో ఫోల్డర్లలో దాచి ఉన్నాయి కాబట్టి, ఈసారి ఆరు వారాలు అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం చాలు.